బోటు ట్యాంకు నుంచి డీజిల్ వెనక్కి ఎగదన్నుతోందా? ముందు గాలి పైపు చూడండి

మద్రాసు కాశిమేడు రేవులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉండే ఆ 61 రోజులూ బోట్లకి రిపేర్ల కాలం. పెద్ద లాంచీలకి ఎలాగూ మేస్త్రీలు, మెకానిక్కులు ఉంటారు. చిక్కంతా చిన్న ఫైబర్ బోట్లతోనే. పులికాట్‌లో జనాన్ని తిప్పేవి, కోవళం దగ్గర గాలాల వేటకి వెళ్లేవి, ఎవరో ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి సరదాకి కొనుక్కున్నవి, ఇలాంటివి చాలావరకు ముందు ఇరవై ఐదు లీటర్ల విడి ట్యాంకుతో నడుస్తాయి, తర్వాత అది చాలక డెక్కు కింద పెద్ద ట్యాంకు పెట్టించాలనిపిస్తుంది. ఇక ఇంజన్ ఏది కొనాలన్న దాని మీద నెలల తరబడి చర్చ. ట్యాంకు అల్యూమినియమా, ప్లాస్టిక్కా, ఫైబరా అన్న దాని మీద ఇంకో నెల. తీరా ఇంధనం పోసే పైపూ గాలి పైపూ బిగించే వేళకి చేతిలో డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు. బ్రాడ్‌వే చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపుల్లో ఏది దొరికితే అది తెచ్చి తగిలించేస్తారు. మొదటిసారి ట్యాంకు నింపిన రోజున డీజిల్ మూతి దగ్గర నుంచి ఎగదన్ని చొక్కా మీద పడుతుంది.

అప్పుడు తిట్లు తినేది పోసే పైపు. సన్నగా ఉంది, వంపు ఎక్కువైంది, మూత బాలేదు అంటారు. ఒక్కోసారి అదీ నిజమే కావచ్చు గానీ ఎక్కువ బోట్లలో తప్పు రెండో పైపుది. ట్యాంకు ఖాళీగా ఉందంటే దాన్నిండా గాలి ఉన్నట్టు, లోపలికి లీటరు వెళ్లాలంటే లీటరు గాలి బయటికి రావాలి. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచితే గుడగుడలాడుతూ ఆగి ఆగి పడుతుంది, రెండో చిల్లు పెడితే ధారగా పడుతుంది, ఇక్కడ జరిగేదీ అదే. తేడా ఏమిటంటే డబ్బా గుడగుడలాడితే ఆలస్యం అవుతుంది, అంతే. బోటు ట్యాంకు గుడగుడలాడితే ఇంధనం డెక్కు మీదికీ, నీళ్లలోకీ, ఒక్కోసారి బోటు అడుగుకీ పోతుంది. అందుకని పోసే పైపు ఒక పని, గాలి పైపు ఇంకో పని అని విడివిడిగా చూడకూడదు. రెండూ కలిపి ఒకే దారి, ఒక కొసన ఎంత వెళ్తుందనేది రెండో కొస తేలుస్తుంది.

అంకెల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. బంకు నాజిల్ నిమిషానికి 40 లీటర్లు ఇస్తుందనుకుందాం. నిమిషానికి 40 లీటర్ల గాలి వెంట్‌లోంచి, అంటే గాలి పైపులోంచి వెళ్లాలి. చిన్న బోట్లకి ప్రపంచమంతా మామూలుగా వాడే కొలతల్లో పోసే హోస్ లోపలి వ్యాసం 38 మి.మీ., అంటే అంగుళంన్నర, గాలి హోస్ 16 మి.మీ. ఆ 16 మి.మీ. గొట్టంలో గాలి సెకనుకి మూడు మీటర్ల పైచిలుకు వేగంతో నడుస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. దాని బదులు 8 మి.మీ. గొట్టం వేశారనుకోండి, సైజు సగమే తగ్గినట్టు కనిపిస్తుంది గానీ దారి నాలుగో వంతు అయిపోతుంది, గాలి సెకనుకి పదమూడు మీటర్లు పరిగెత్తాలి, దాన్ని నెట్టడానికి కావాల్సిన ఒత్తిడి పదహారు రెట్లకి పైనే అవుతుంది. ఆ ఒత్తిడి వచ్చేది ట్యాంకులోంచే కాబట్టి, అదే ఒత్తిడి పోసే పైపులో దిగుతున్న డీజిల్‌ని పైకి తోస్తుంది. నాజిల్ కొస దగ్గర ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని ఇంధనం మూసేసిన మరుక్షణం లోపలి వాక్యూమ్ మారి ట్రిగ్గర్ పడిపోతుంది, ఆటోమేటిక్‌గా ఆగడం అంటే ఇదే. ట్యాంకు పావు వంతు కూడా నిండకుండానే నాజిల్ టక్కున పడిపోతుంటే బంకువాడితో గొడవ పడక్కర్లేదు, గాలి పైపు చూస్తే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. హోస్ 16 మి.మీ.ది వేసినా దాన్ని రెండు చివర్లా తొడిగే నిపుల్, అంటే ఆ పొట్టి గొట్టం ముక్క, లోపల 10 మి.మీ.కి సన్నబడితే లాభం సగం పోయినట్టే. బయట కనిపించే స్టెయిన్‌లెస్ వెంట్ ఫిట్టింగ్ మెరిసిపోతూ ఉంటుంది, వెనక్కి తిప్పి కన్ను పెట్టి చూస్తే పెన్సిల్ కూడా దూరని రంధ్రం, దానికి మళ్లీ అడ్డంగా సన్న జాలీ. కొనేటప్పుడే తిప్పి చూడాలి.

సైజు తర్వాత వచ్చేది దారి, అసలు తప్పులన్నీ ఇక్కడే. "గాలే కదన్నా, ఎటైనా పోద్దిలే" అని మేస్త్రీలు తరచూ అనే మాట ఒకటుంది. ఖాళీ గొట్టం సంగతైతే నిజమే. కానీ అలలకి బోటు ఊగినప్పుడల్లా ట్యాంకులోంచి కొంచెం కొంచెం ఇంధనం గాలి పైపులోకి చిమ్ముతుంది. పైపు ట్యాంకు నుంచి బయటికి మెట్టుమెట్టుగా పైకే వెళ్తుంటే చిమ్మింది మళ్లీ జారి ట్యాంకులోకి దిగిపోతుంది. మధ్యలో ఎక్కడైనా ఉయ్యాలలా కిందికి వేలాడితే ఆ వంపులో నిలిచిపోతుంది. పది సెంటీమీటర్ల వంపు ఇంధనంతో నిండిందంటే, గాలి ఆ పది సెంటీమీటర్ల నిలువుని పైకి నెట్టుకుంటూ వెళ్లాలి, అంటే పోసే పైపులో ఇంధనం కూడా ట్యాంకు మట్టం కన్నా పది సెంటీమీటర్లు ఎత్తున నిలబడితే తప్ప గాలి కదలదు. డెక్కు మూతికీ ట్యాంకు పైభాగానికీ మధ్య దూరం చిన్న బోట్లలో ముప్పై, నలభై సెంటీమీటర్లకి మించదు. అందులో పది పోయిందంటే ఎగదన్నక ఏం చేస్తుంది?

కాబట్టి గాలి హోస్‌కి ప్రతి అడుగుకీ ఒక క్లిప్పు వేసి పక్క గోడకి ఆనించి ఎక్కించడం మంచిది. మొదట బాగానే ఉన్న హోస్ రెండు వేసవులు గడిచేసరికి ఎండకి మెత్తబడి సాగి, తనంతట తానే వంపు తెచ్చుకుంటుంది, అందుకే ఇంత చెప్పడం. పోసే హోస్ విషయంలోనూ ఇదే సూత్రం, మూతి నుంచి ట్యాంకు దాకా కిందికే దిగాలి, మధ్యలో సమతలంగా పరిచిన భాగం ఉండకూడదు. బోటు వెడల్పు సరిపోక ట్యాంకు మధ్యలోనూ మూతి అంచు దగ్గరా ఉంటే అడ్డంగా కొంత నడవక తప్పదు, అప్పుడు కూడా కనీసం ఏటవాలు కనబడేట్టు చూసుకోవాలి.

గాలి పైపు బయటికి ఎక్కడ తేలాలి? ఇంధనం, నీళ్లు, ఆవిరి అని మూడు శత్రువులున్నాయి, ఒకదాని నుంచి తప్పించుకుంటే ఇంకోటి పట్టుకుంటుంది. నీళ్ల నుంచి తప్పించుకోవాలంటే ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది. హల్, అంటే బోటు ఒంటి పక్క గోడకి పైఅంచు కిందుగా, బోటు మధ్యభాగంలో, రంధ్రం వెనక్కో కిందికో చూసేట్టు పెట్టడం మామూలు పద్ధతి. ముందు భాగంలో పెడితే అల నేరుగా కొడుతుంది. సరిగ్గా వెనక గోడకి పెడితే బోటు ఒక్కసారిగా ఆగినప్పుడు వెనకాలే వచ్చే అల దాన్ని ముంచుతుంది, పైగా వెనక గోడకి బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్ వేడి అక్కడే ఉంటుంది. హోస్ మాత్రం నేరుగా ఫిట్టింగ్‌కి వెళ్లకుండా ముందు దాని కన్నా ఎత్తుకి, డెక్కు అడుగుదాకా ఎక్కి అక్కడి నుంచి మెడ వంచి ఫిట్టింగ్‌కి దిగాలి. ఈ మెడవంపు ఉంటే బయట అల తాకినా నీళ్లు ఎక్కి దాటాల్సిన ఎత్తు ఒకటుంటుంది. పైన చెప్పిన వంపుతో దీన్ని కలపకండి, అది కిందికి వేలాడేది, ఇది పైకి లేచేది. దీన్లో ఏదీ నిలవదు, ఒక పక్క ట్యాంకులోకీ ఇంకో పక్క బయటికీ జారిపోతుంది.

గాలి పైపు కొస పోసే మూతి కన్నా ఎత్తున ఉండాలా, కిందనా అని ఒక పాత వాదన ఉంది. కింద ఉంటే ట్యాంకు నిండగానే ముందు వెంట్‌లోంచి చిందుతుంది, పైన ఉంటే మూతి దగ్గర మట్టం కనిపిస్తుంది, చిందినా చూసి ఆపొచ్చు. వీలున్న బోటులో పైన పెట్టడమే నయం. చాలా చిన్న బోట్లలో డెక్కు మూతి కన్నా ఎత్తైన చోటే ఉండదు కాబట్టి వాదన అక్కడితో సరి, మెడవంపు మాత్రం తప్పకుండా వేయాలి.

రెండో కొస, అంటే ట్యాంకు వైపు, అది కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు. బోటు రేవులో నిలబడి ఉన్నప్పుడు ట్యాంకులో ఏ మూల ఎత్తుగా ఉంటుందో ఆ మూల నుంచి గాలి పైపు లేవాలి. బరువైన ఇంజన్ వెనకుంటే బోటు ముక్కు లేచి ఉంటుంది, కనుక ముందు మూల. ట్యాంకుని షెడ్డులో బల్ల మీద సమంగా పెట్టి చిల్లు వేయించి, నీళ్లలోకి దింపాక చూస్తే ఆ చిల్లు ముందుగా మునిగిపోయే వైపు ఉంటుంది, పైమూలలో గాలి బందీ అయిపోతుంది. వంద లీటర్ల ట్యాంకులో ఎనభైకే నాజిల్ పడిపోతుంటే ఇదొక కారణం.

ఇక మద్రాసు ఎండ. బంకులో భూమి కింది ట్యాంకులోంచి వచ్చే పెట్రోలు 30 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుంటే, మధ్యాహ్నానికి డెక్కు కింద ట్యాంకు 45కి చేరడం మే నెలలో విడ్డూరమేమీ కాదు. పెట్రోలు ఒక్కో డిగ్రీకి సుమారు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది, డీజిల్ అంత కన్నా కొంచెం తక్కువ. వంద లీటర్లు నిండుగా పోస్తే పదిహేను డిగ్రీల తేడాకి సుమారు లీటరున్నర పెట్రోలు ఎక్కువవుతుంది. ఆ లీటరున్నర ఎక్కడికి పోతుంది? గాలి పైపులోంచి హల్ పక్కగా కారి రేవు నీళ్లలోకి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదల్లో ఎన్నూరు క్రీక్‌లోకి నూనె చేరి జాలర్ల పడవలూ వలలూ నల్లగా అయిపోయిన దృశ్యం చూసినవాళ్లకి నీళ్ల మీద నూనె ఎంత పలుచగా, ఎంత దూరం పరుచుకుంటుందో చెప్పనక్కర్లేదు. అది వేరే స్థాయి సంగతి, ఒప్పుకోవాల్సిందే, కానీ ప్రతి చిన్న బోటూ ప్రతి ఉదయం లీటరు కార్చుకుంటే రేవు నీళ్ల గతేమిటి. ట్యాంకులో ఐదు శాతం ఖాళీ వదలాలనే నియమం ఇందుకే. వదలమని మనిషికి చెప్పడం కన్నా, వదిలేలా ట్యాంకుని కట్టించడం మేలు. 

ఎండ గురించే ఇంకో మాట. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదని ఒక ధైర్యం అందరికీ ఉంటుంది. చలి దేశాల్లో అది కొంతవరకు సరే. మన డీజిల్‌కి భారతీయ ప్రమాణం, అంటే ఐఎస్ 1460, అడిగే కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు మాత్రమే, ఆ వేడికి చేరితే పైన లేచే ఆవిరి నిప్పురవ్వకి అంటుకోగలదని అర్థం. ఇంజన్ గదిలో 35 దాటడానికి మద్రాసులో ఇంజన్ నడపక్కర్లేదు కూడా, తలుపు మూసి ఉంచితే చాలు. కాబట్టి డీజిల్ బోటే కదా అని పైపులు ఎలాగోలా లాగేస్తే కుదరదు.

పెట్రోలు సంగతి ఇంకా తీవ్రం. దాని ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి లేచి పోదు, నీళ్లలాగే పల్లానికి దిగి బోటు అడుగున బిల్జ్‌లో కూర్చుంటుంది. గాలిలో 1.4 శాతం ఉంటే చాలు, పేలడానికి సిద్ధం. లెక్క వేస్తే, ఒక టీ గ్లాసుడు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే ఘనమీటరుకి పైగా గాలిని పేలే మిశ్రమంగా మార్చగలదు, చిన్న బోటు బిల్జ్ అంతకన్నా పెద్దదేమీ కాదు. పోసే మూతినీ గాలి కొసనీ ఎక్కడ పెట్టాలనే ప్రశ్నకి జవాబంతా ఇందులోనే ఉంది. చిందినది బోటు లోపలికి రాకూడదు, లేచిన ఆవిరి క్యాబిన్‌లోకో ఇంజన్ గదిలోకో దూరకూడదు. కిటికీలు, గాలి పీల్చే గూళ్లు, హ్యాచ్‌ల (డెక్కు మీది తలుపుల) నుంచి కనీసం 400 మి.మీ. దూరం అని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10088 చెప్పే కొలత గుర్తు పెట్టుకోవడం తేలిక, అంతకన్నా దూరం కుదిరితే ఇంకా మంచిది. మనుషులు కూర్చునే గుంటలో, సీటు కింద మూతి పెట్టించడం అందంగా కనబడొచ్చు. వద్దు. గాలి పైపుని బయటిదాకా లాగడానికి బద్ధకించి ఇంజన్ గదిలోనే వదిలేసిన బోట్లు కూడా ఉంటాయి, దాని గురించి చెప్పడానికి మర్యాదైన మాటలు దొరకవు.

మూతి మీద ఏ ఇంధనమో చెక్కి ఉండాలి, స్టిక్కర్ చాలదు, ఉప్పుగాలికి ఒక వానాకాలంలో ఊడిపోతుంది. నీళ్ల ట్యాంకు మూతీ డీజిల్ మూతీ ఒకే సైజులో పక్కపక్కన ఉన్న బోటులో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. అంతకన్నా ఘోరం గాలం కర్ర నిలబెట్టే గొట్టం. డెక్కు అంచు మీద మూతికి నాలుగంగుళాల దూరంలో అదే వ్యాసంతో ఒక గొట్టం ఉంటుంది, కొన్నిటికి కింద అడుగు ఉండదు. చీకట్లో నింపే కుర్రవాడు అందులో నాజిల్ పెడితే పెట్రోలు నేరుగా బిల్జ్‌కి వెళ్తుంది, చాలా దేశాల్లో జరిగిన ప్రమాదమే ఇది. రెంటినీ బోటుకి చెరో పక్కన పెడితే సమస్యే ఉండదు.

డెక్కు కోసే పని దగ్గరికి వద్దాం. హోల్‌సాతో, అంటే గుండ్రటి రంపంతో, చిల్లు వేయడం ఐదు నిమిషాలు. తర్వాతి గంట పని చేయకుండా వదిలేస్తారు. ఫైబర్ డెక్కు చాలా బోట్లలో పైనా కిందా ఫైబర్, మధ్యలో ప్లైవుడ్డో బాల్సా అనే తేలిక చెక్కో ఫోమో ఉండే పొరల బల్ల. కోసిన అంచున ఆ మధ్య పొర బయటపడుతుంది. దాన్ని అలాగే వదిలేసి పైన ఫిట్టింగ్ బిగిస్తే మూడో వానకి నీళ్లు పట్టి ప్లైవుడ్ నల్లబడి, చుట్టూ అరచేయి మేర డెక్కు మెత్తగా అయిపోతుంది. అందుకని చిల్లు అంచు చుట్టూ ఒక సెంటీమీటరు లోతున మధ్య పొరని గీకేసి, ఎపాక్సీ ముద్ద నింపి, గట్టిపడ్డాక మళ్లీ సాపు చేసుకోవాలి. స్క్రూ చిల్లులకీ అంతే. ఫిట్టింగ్ కింద రాసే సీలెంట్ సిలికోన్ కాకూడదు, పెట్రోలు తగిలితే అది ఉబ్బి వదులైపోతుంది. ఇంధనానికి తట్టుకునేది పాలీసల్ఫైడ్ రకం, ఆరడానికి రోజులు పడుతుంది, అంత ఓపిక పట్టాలి. స్క్రూలు మొదటి రోజు సగమే బిగించి, సీలెంట్ రబ్బరులా గట్టిపడ్డాక మిగతా బిగువు ఇస్తే కింద పలుచటి పొర మిగులుతుంది, ఒకేసారి కసిగా బిగిస్తే అంతా పక్కలకి పిండుకుపోయి లోపల ఏమీ ఉండదు.

హోస్ విషయంలో పొదుపు చేయొద్దు. నీళ్లు లాగే ఆకుపచ్చ ప్లాస్టిక్ సక్షన్ పైపు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల స్ప్రింగులా గట్టి చుట్టు, బయట నున్నగా, ధర కూడా చవక. ఇంధనం తగిలిన కొన్నాళ్లకి దాన్లోని మెత్తదనం అంతా కరిగి వెళ్లిపోయి కర్రలా గట్టిపడుతుంది, నిపుల్ దగ్గర పగులుతుంది. పారదర్శకంగా ఉండే వినైల్ గొట్టం గాలి పైపుకి వేయడమూ ఇలాంటిదే. బోట్ల ఇంధనానికే తయారైన హోస్ మీద దాని ప్రమాణం అచ్చు వేసి ఉంటుంది, ఐఎస్ఓ 7840 అనో, అమెరికా సరుకైతే ఎస్ఏఈ జె1527 'A' తరగతి అనో. అలాంటి హోస్‌లు మంటలో రెండున్నర నిమిషాలు నిలిచేట్టు పరీక్ష చేసినవి, ఆ రెండున్నర నిమిషాల్లో మనుషులు బోటు దిగగలరు, దానికే ఆ డబ్బు. వీటిలో ఆవిరిని తక్కువగా బయటికి వదిలే రకాలు వేరే ఉంటాయి, పెట్రోలు బోటుకి అవే కొనాలి. 2023లో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది కాబట్టి పాత రబ్బరు హోస్ ఇంకా తొందరగా ఉబ్బుతుంది, పాత పాలియెస్టర్ ఫైబర్ ట్యాంకులైతే లోపలి గోడే మెత్తబడి జిగురు వదిలే ప్రమాదం ఉంది. పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పీల్చగలిగినంత పీల్చి ఇక చాలనుకున్నాక నీళ్లతో సహా విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతుంది, ఇంజన్ లాగేది ఆ అడుగు నుంచే. మద్రాసు తేమ సంగతి తెలిసిందే. రాత్రి చల్లబడ్డ ట్యాంకు గాలి పైపులోంచి ఆ తేమగాలినే పీల్చుకుంటుంది. వాడని నెలల్లో పెట్రోలు ట్యాంకుని సగం ఖాళీగా వదలకూడదని చెప్పేది అందుకే.

క్లిప్పులు చిన్నవి, కానీ కారేది అక్కడే. పోసే హోస్‌కి ప్రతి చివరా రెండేసి, పట్టీకి చిల్లులు లేకుండా నున్నగా ఉన్నవి తీసుకోవాలి, చిల్లుల పట్టీ రబ్బరుని కొరుకుతుంది. షాపులో స్టెయిన్‌లెస్ అని ఇచ్చేవాటిలో పట్టీ నిజంగానే స్టెయిన్‌లెస్, మరలు మాత్రం మామూలు ఇనుముకి పూత. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్తే తేలిపోతుంది, మర గట్టిగా అతుక్కుంటే ఆ క్లిప్పు వద్దు, ఆరు నెలల్లో తుప్పు పట్టి విప్పడానికి కూడా రాదు. రెండు క్లిప్పులూ నిపుల్ మీదే కూర్చోవాలి, నిపుల్ పొట్టిగా ఉంటే రెండోది గాలిలో ఉన్న హోస్‌ని నొక్కి కోసేస్తుంది. అల్యూమినియం ట్యాంకుకి ఇత్తడి నిపుల్ నేరుగా మర బిగించడం ఇంకో అలవాటు, ఉప్పు తేమలో అల్యూమినియం తినేయబడి మరలు పిండైపోతాయి. మధ్యలో స్టెయిన్‌లెస్ ముక్క ఉండాలి.

ఎర్త్ వైరు గురించి ఎవరూ అడగరు. ఇంధనం గొట్టంలో వేగంగా జారుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. డెక్కు మీద లోహపు మూతి, కింద లోహపు ట్యాంకు, మధ్యలో రబ్బరు హోస్, అంటే మూతి ఎవరికీ అంటకుండా ఒంటరిగా ఉంది, దాని మీద పోగైన చార్జికి దిగే దారి లేదు. నాజిల్ దగ్గరికి తెచ్చినప్పుడు చిన్న రవ్వ చాలు, ఆ క్షణంలో మూతి చుట్టూ ఉండేదంతా ఆవిరే. మూతి వెనక ఉండే చిన్న స్క్రూ నుంచి ఒక రాగి తీగ ట్యాంకుకీ, అక్కడి నుంచి బోటు ఎర్తింగ్‌కీ వెళ్లాలి, మల్టీమీటరు పెట్టి చూస్తే నిరోధం 100 ఓంల లోపు ఉండాలన్నది అమెరికా కోస్ట్‌గార్డ్ నియమం. ఈ తీగని హోస్‌కీ నిపుల్‌కీ మధ్య దూర్చి క్లిప్పుతో నొక్కేస్తుంటారు, సులువు కదా అని. తీగ పక్కన వెంట్రుకంత సందు మిగిలి ఇంధనం కారేది సరిగ్గా అక్కడే. విడిగా ట్యాబ్‌కి బోల్టు వేయాలి. మన దగ్గర నాజిల్ కన్నా క్యాన్లతో పోయడమే ఎక్కువ కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ప్లాస్టిక్ క్యాన్‌ని బంకులో నింపేటప్పుడు బండి మీదో ఆటోలోనో ఉంచి కాక నేల మీద పెట్టి నింపించాలి, బోటులో పోసేటప్పుడు లోహపు గరాటు మూతి అంచుకి తగిలేట్టు పట్టుకుని మెల్లగా పోయాలి.

అన్నీ బిగించాక పరీక్ష. కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లకండి. 0.2 బార్ ఒత్తిడి చాలు, వినడానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ చదరపు మీటరు ట్యాంకు గోడ మీద అది రెండు టన్నుల తోపుడు, ట్యాంకు మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే పాటించాలి. ఒత్తిడి కొలవడానికి మీటరు కూడా కొనక్కర్లేదు. పారదర్శక గొట్టం ఒకటి యూ ఆకారంలో గోడకి కట్టి నీళ్లు పోసి, ఒక కొసని గాలి పైపుకి తగిలించి, సైకిలు పంపుతో మెల్లగా కొడితే రెండు మట్టాల మధ్య తేడా రెండు మీటర్లకి వచ్చినప్పుడు దాదాపు 0.2 బార్. ఆపి, సబ్బు నురగ అన్ని జాయింట్ల మీదా రాసి, పది నిమిషాలు మట్టం కదులుతుందేమో చూడాలి. పరీక్ష తెల్లవారుజామునో నీడలోనో చేయాలి. ఎండలో మూసిన ట్యాంకులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఆ తేడా ముప్పై సెంటీమీటర్ల పైన పెరుగుతుంది, లీకు ఉన్నా దాన్ని కప్పేస్తుంది. ట్యాంకులో ఒక్క చుక్క ఇంధనం పడకముందే ఈ పని అయిపోవాలి.

వాడకంలో పడ్డాక గాలి పైపు మూసుకుపోయిందని తెలిపేది ఇంజనే. రేవు దాటి అరగంట బాగా నడిచి, తర్వాత దగ్గి ఆగిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. ఫిల్టరు మారుస్తారు, ఇంజెక్టర్లు విప్పుతారు, మెకానిక్‌కి డబ్బులు పోతాయి. ముందు పోసే మూత తిప్పి చూడాలి, లోపలికి గాలి ఉస్సుమని పీల్చుకుని ఇంజన్ మామూలైపోతే దోషి దొరికినట్టే. పలుచటి ప్లాస్టిక్ ట్యాంకులైతే పక్కలు లోపలికి పీక్కుపోయి కనిపిస్తాయి కూడా. మూసేది ఎక్కువగా మట్టిగూడు కట్టే కందిరీగ, ఒడ్డున నెల రోజులు కదలకుండా ఉన్న బోటులో దానికి 16 మి.మీ. రంధ్రం కన్నా మంచి ఇల్లు దొరకదు. తర్వాతి స్థానం జాలీ మీద పేరుకున్న ఉప్పుది. జాలీ పీకేసి ఊరుకోకూడదు, పెట్రోలు బోటులో బయటి మంట లోపలికి రాకుండా ఆపేది అదే, తీసి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. ఈశాన్య రుతుపవనాలు దిగే అక్టోబరుకి ముందు డెక్కు మూత కింద ఉండే రబ్బరు రింగు కూడా ఒకసారి వేలితో తడిమి చూసుకోవాలి. బల్లపరుపుగా ఉండే డెక్కు మీద వాన నీళ్లు నిలిచేది ఆ మూత చుట్టూనే, రింగు పగిలి ఉంటే ఒక రాత్రి వానకి ట్యాంకులో రెండు లీటర్ల నీళ్లు చేరతాయి. రింగు ఖరీదు చాలా తక్కువ, ఒకటి కొనేటప్పుడు రెండు కొని రెండోది టూల్‌బాక్సులో పడేస్తే సరి.